పెంగ్విన్ బొమ్మ సీడీ

తనకల్లు బస్టాండు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో కంప్యూటర్ నిన్నటి నుంచి లేవనంటోంది. చెడిపోక చెడిపోక ఈ వారమే చెడిపోవాలా అని తిప్పేష్ తల పట్టుకున్నాడు. పెళ్లిఫోటోలు పోయినా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోగల సమర్థుడే అతను. కానీ ఇప్పుడు గుమ్మం బయట బెంచీ మీద ఎర్రన్న కూర్చుని ఉన్నాడు. అతని తల్లి హనుమక్క పోయి వారం దాటింది. ఎల్లుండి పెద్దకర్మ. ఆ రోజు దండ వేసి పెట్టడానికి ఆమె ఫోటో కావాలి.

ఆ ఫోటో ప్రపంచం మొత్తమ్మీద ఈ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. హనుమక్క బతికున్నన్నాళ్లూ ఫోటో అంటే చీపురు తీసుకునే మనిషి. ఓటరు కార్డులో ఉన్నది ఆమె మొహమో, వరుసలో వెనక నిలబడిన మనిషి మొహమో ఇంట్లోవాళ్లే తేల్చలేకపోయారు. కిందటి నెల ఎండిన వేరుశనగ చేను ఫోటోలు తీసి ఆఫీసర్లకు చూపించాలని ఎర్రన్న పిలిపిస్తే, తిప్పేష్ కొత్త డిజిటల్ కెమెరా మెడలో వేసుకుని వెళ్లాడు. అతను చేనంతా తిరుగుతుంటే ముసలామె వచ్చి అడ్డం పడింది. ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి కెమెరా ఖాళీ చేసేశాడు. ఒక ఫోటోలో ఆమె పడిందని గుర్తు, ఎలా పడిందో గుర్తు లేదు. చావుకబురు విని వెళ్లినప్పుడు మాత్రం, అవ్వ ఫోటో నా దగ్గర బంగారంగా ఉంది, ఫ్రేము కట్టించి ఇస్తానని నలుగురిలో నోరు జారాడు. నిన్న పొద్దున మీట నొక్కితే నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి, కంప్యూటర్ అక్కడే ఆగిపోయింది.

ఎర్రన్న మైలలో ఉన్నాడు కాబట్టి లోపలికి రాలేదు. అక్కడి నుంచే అప్పుడప్పుడూ అయిందా అని అడుగుతున్నాడు. ఆ అడగడంలో కోపం లేదు. అదే తిప్పేష్‌కి చిక్కయింది. తిట్టే మనిషైతే ఎంత బాగుండు అనుకున్నాడు.

ఆశంతా మరదలు జయంతి మీదే. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఉంటూ పిల్లలకు కంప్యూటర్ నేర్పే జయంతి, పోయినసారి వచ్చినప్పుడు బావకి ఒక సీడీ ఇచ్చింది. పైన పొట్ట వేసుకుని నిలబడ్డ పెంగ్విన్ బొమ్మ ఉంటుంది. దాన్ని లైనక్స్ అంటారని, విండోస్ పడకేసినా ఈ సీడీ పెడితే కంప్యూటర్ సీడీ బలంతోనే లేచి కూర్చుంటుందని, అప్పుడు లోపలున్న ఫోటోలు బయటికి తీసుకోవచ్చని చెప్పింది. తిప్పేష్ దాన్ని సంజీవని అనుకుని బీరువాలో పెట్టుకున్నాడు. ఇప్పుడు తీసి, మొక్కి, పెట్టాడు. సంజీవని ఉలకలేదు, పలకలేదు.

భార్య ఈశ్వరి గుంతకల్లుకి ఫోన్ కలిపింది. జయంతి కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తూనే డిలీట్ మీట నొక్కమంది. నీలం రంగు పేజీ వచ్చింది. అందులో కంప్యూటర్ ముందు హార్డ్ డిస్కు వైపు చూస్తోందట, దాన్ని ముందు సీడీ వైపు చూసేలా తిప్పమంది. ఇది తిప్పితే ఇంకేదైనా తిరిగిపోతుందేమోనని తిప్పేష్ ఒక్కో మీటే చూసి నొక్కుతూ మార్చాడు. ఈసారి సీడీ తిరిగింది, తెర మీద పెంగ్విన్ వచ్చింది. బయట ఎర్రన్న లేచి నిలబడ్డాడు. అంతలో సీడీ పెట్టిన డ్రైవు గరగరమంది, ఏదో చదవలేకపోతున్నానని తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి, పెంగ్విన్ మాయమైంది. ఎర్రన్న మళ్లీ కూర్చున్నాడు.

మీ ఊరి దుమ్ము డ్రైవులోకి పోయుంటుంది, విప్పి ఊదమంది జయంతి. ఊదితే దోసెడు ఎర్రమట్టి రాలింది. అయినా అదే కథ. ఇంకోసారి పెడితే ఇంకో చోట ఆగింది. ఈశ్వరి దిష్టి అంది. తిప్పేష్ ఆమె మీద కసురుకుని, మరుక్షణమే ఫోన్లో మరదలిని బతిమాలాడు.

"బావా, సీడీ మీద గీతలేమన్నా పడినాయా? మెరిసే పక్క వెలుతురుకు పట్టి చూడు."

"గీతలు యాడివి? పువ్వు మాదిరి చూసుకున్నా దాన్ని. బొట్టు తప్ప ఏమీ లేదు."

"ఏం బొట్టు?"

"మొన్న ఆయుధపూజకు పెట్టింది."

సీడీకి బొట్టేంది, ఏ పక్క పెట్టినావని జయంతి నిలదీసింది.  తిప్పేష్ సంజాయిషీ మొదలుపెట్టాడు. కెమెరాకి పెట్టాడు, స్టాండుకి పెట్టాడు, గొడుగు లైట్లకి పెట్టాడు, అన్నిటినీ కాపాడే సీడీకి పెట్టకపోతే ఎలా? బొమ్మ ఉన్న వైపు పక్షి ఉంది, పక్షికి బొట్టేమిటని ఆలోచించాడు. తిప్పి చూస్తే అద్దంలా తళతళమంది. అదే దాని మొహం అనుకుని, పసుపు తడిపి పూసి, మధ్యలో కుంకుమ పెట్టాడు. అది చక్కగా ఎండి పట్టుకుపోయింది.

జయంతి నవ్వాపుకుని, సీడీని చదివే వైపు అదేనని, తుడిచేయమని చెప్పింది. తిప్పేష్ లెన్సు తుడిచే గుడ్డ తీశాడు. ఈశ్వరి చెయ్యి పట్టుకుంది. పూజలో పెట్టిన బొట్టు తుడుస్తారా ఎవరైనా? అదీ చావు జరిగిన ఇంటి మనిషి గుమ్మంలో కూర్చుని ఉండగా, ఈ చేతులతో బొట్టు చెరపడమా? తిప్పేష్‌కి కూడా చెయ్యి రాలేదు. మొగుడూ పెళ్లాలు ఆ సీడీని నువ్వు తుడువంటే నువ్వు తుడువని అటూ ఇటూ జరుపుకుంటుంటే, ఫోన్లో జయంతి గుండ్రంగా తుడవకండి, మధ్య నుంచి అంచు వైపు తుడవండి అని వినేవాళ్లు లేని పాఠం చెబుతోంది.

బయట నుంచి ఎర్రన్న గొంతు వచ్చింది. "తుడిచేదెందుకమ్మా? నీళ్లు పోయండి. దేవునికైనా నీళ్లు పోసి, పాతబొట్టు పోయినాకనే కదా కొత్తది పెట్టేది."

ఈశ్వరికి ఆ మాట నచ్చింది. చెంబుతో నీళ్లు తెచ్చి పళ్లెంలో సీడీకి స్నానం చేయించింది. పసుపు కరిగి పోయింది. తిప్పేష్ మధ్య నుంచి అంచుకి ఒత్తి ఆరబెట్టాడు. కొత్త బొట్టు లేకుండా లోపలికి పంపకూడదని ఈశ్వరి పట్టుబట్టింది. చివరికి ఆ బొట్టు డ్రైవు మూత మీద పెట్టేలా అక్కాచెల్లెళ్లిద్దరూ ఫోన్లో రాజీకి వచ్చారు.

ఈసారి గరగర లేదు. పెంగ్విన్ వచ్చింది, పోయింది, దాని వెనక ఎప్పుడూ చూడని కొత్త తెర తెరుచుకుంది. జయంతి చెప్పిన చోటల్లా నొక్కుకుంటూ పోతే చేను ఫోటోలు ఒక్కొక్కటే వచ్చాయి. తిప్పేష్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఎండిన మొక్కలు, నెర్రెలు, మళ్లీ ఎండిన మొక్కలు. ఆ తర్వాత తెర నిండా హనుమక్క.

ఎర్రన్న మైల మాట మరిచి లోపలికి వచ్చేశాడు.

తిప్పేష్‌కి మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఆమె కొంగు నడుముకి దోపుకుని, చెయ్యెత్తి, నోరు బారెడు తెరిచి ఉంది. కింది వరసలో ఉన్న రెండు పళ్లూ కనిపిస్తున్నాయి. ఇది దండ వేసే ఫోటో కాదు.

ఎర్రన్న ఎంతో సేపు చూశాడు. "ఏమంటాండాది?" అని అడిగాడు.

"నన్నే తిడతాండాదన్నా. కండ్లు నెత్తికెక్కినాయా, శెనక్కాయ చెట్లు తొక్కతాండావు అని."

"ఆడ చెట్లు యాడుండాయప్పా? అంతా ఎండిపోయినాది కదా."

"నేనూ అదే అన్నా. దానికింకా పెద్దగా తిట్టింది."

ఎర్రన్న నవ్వాడు. వారం రోజుల గడ్డంలో ఆ నవ్వు ఎబ్బెట్టుగా ఉంది. ధైర్యం వచ్చి తిప్పేష్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చుట్టాలు నవ్వుతారని, తనకి ఫోటోషాప్ బాగా వచ్చని, నోరు మూసినట్టు సరిచేసి శాంతంగా కనబడేలా చేసి ఇస్తానని చెప్పాడు. ఎర్రన్న తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"వద్దప్పా. నోరు మూసుకున్న మాయమ్మను నేను ఒక్కదినమే చూసినా. మల్లా చూడలేను."