తుప్పని రాసిచ్చారు

అతన్ని మా కళ్ళముందే తీసుకెళ్ళారు. పొద్దున పది గంటలకి. షెడ్డులో మేం నలభై ముగ్గురం ఉన్నాం, పోలీసులు నలుగురు. మాలో ఒక్కరం కూడా కదల్లేదు. ఈ కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. తర్వాత మేం చేసిన పనుల నుంచి మొదలుపెడితే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది.

మాది బట్టలుతికే కంపెనీ. మూడు ఆసుపత్రుల దుప్పట్లు, ఆపరేషన్ గదుల పచ్చ గుడ్డలు, హోటళ్ళ తువ్వాళ్ళు, పోలీసుల యూనిఫారాలూ కంబళ్ళూ అన్నీ మా దగ్గరికే వస్తాయి. మూటలు విప్పి, ఏది ఎక్కడిదో, ఏ మరక ఏ నీళ్ళకి పోతుందో చూసి వేరుచేయడం నా పని. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే వాసన.

అతను బాయిలర్ నడిపేవాడు. ఇరవయ్యారేళ్ళవాడు. ఇస్త్రీ పెద్దమ్మకి ఒక్కగానొక్క కొడుకు. నన్ను అక్కా అని పిలిచేవాడు. "అక్కా, ఈ బాయిలరూ మన సూపర్వైజరూ ఒకటే. లోపల ఆవిరి తప్ప ఏమీ ఉండదు, అరుపులు మాత్రం వీధి చివరిదాకా వినపడతాయి" అని నవ్వించేవాడు. అంతకు నెల ముందు ఆవిరి గొట్టం పగిలి మాలో ఒకామెకి మొహం సగం కాలిపోయింది. ఆ రోజు నుంచి అతను నవ్వించడం మానేశాడు. వాల్వు మార్చమని మూడుసార్లు కాగితం రాసిచ్చాడు. నాలుగోసారి కాగితం రాయలేదు, బాయిలర్ ఆర్పేశాడు.

"వాల్వు మార్చేదాకా వెలిగించను. నేనొక్కణ్ణే పోతే పోనీలే అనుకోవచ్చు. ఇంతమంది ఉన్నారిక్కడ" అన్నాడు కంపెనీ నడిపే కాంట్రాక్టరు మొహం మీదే.

మర్నాడు పోలీసులు వచ్చారు. వాల్వులు దొంగిలించి అమ్ముకున్నాడట! వాల్వు పాడైంది మొర్రో అని అరిచినవాడి మీద వాల్వుల దొంగతనం కేసు.

పెద్దమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. పెట్టె దింపితే గుడ్డ కాలుతుందని దాన్ని చేత్తో పట్టుకునే పరిగెత్తింది. వైరు అందినంత దూరం పరిగెత్తింది. వైరు బిగుసుకుపోయి అక్కడే ఆగిపోయింది.

"సార్, వాడేం చేశాడు సార్?"

"రెండు మాటలడిగి సాయంత్రానికి పంపించేస్తాం. నీ పని నువ్వు చూస్కో" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వెళ్తూ పెద్దమ్మ కొడుకు మా అందరి వైపూ ఒకసారి చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం ఉంటే బావుండేదేమో. లేదు. మేం ఎవరి పనిలోకి వాళ్ళం తలలు దించుకున్నాం. మధ్యాహ్నానికి వేరేవాణ్ణి పెట్టి బాయిలర్ వెలిగించారు.

సాయంత్రం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గరికి ఒక కానిస్టేబుల్ వచ్చి చెప్పాడు. "ఇవాళ పొద్దున పదకొండింటికి పారిపోబోయాడు. స్టేషన్ మేడ మీంచి దూకాడు. శవాన్ని తీసుకుపొండి."

మార్చురీలో గుడ్డ విప్పి చూడొద్దన్నారు. పెద్దమ్మ కాళ్ళ వైపు విప్పింది. అరికాళ్ళు ఉబ్బి, కమిలి, నల్లగా ఉన్నాయి. అక్కడున్న డాక్టర్ని అడిగింది. "దూకినవాడికి అరికాళ్ళ మీద కర్ర వాతలు పడతాయా బాబూ?" ఆయన గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా సూపర్వైజర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "జరిగిందేదో జరిగింది పెద్దమ్మా. గోల చెయ్యకు. నిన్ను పనిలోంచి తీసెయ్యకుండా చూసే పూచీ నాది." కొడుకుని పోగొట్టుకున్న మనిషికి అతను చేసిన ఉపకారం అది. పెద్దమ్మ మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. పని మానేస్తే తినేదేమిటి? మొదటి పూట ఇస్త్రీ చేసేది, రెండో పూట ఆఫీసుల చుట్టూ తిరిగేది. స్టేషన్లో పోయినవాళ్ళ మీద విచారణ చేసే అధికారి గది బయట ఒక బెంచీ ఉంది. నాలుగు నెలలు ఆ బెంచీ మీద కూర్చుంది.

ఆ బెంచీ మీద ఆమె ఒక్కతే లేదు. కూరగాయల బండివాడి భార్య ఉంది. అతన్నీ అదే స్టేషన్‌కి తీసుకెళ్ళారు, అతనూ "పడిపోయాడు". ఒక రిటైరైన పోస్ట్‌మాన్ ఉన్నాడు, ఆయన కొడుకు ఆటో నడిపేవాడు, అతనూ "పడిపోయాడు". ముగ్గురూ మొదట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఎవరి ఏడుపు వాళ్ళది. ఉచితంగా దరఖాస్తులు రాసిపెట్టే లా చదివే అమ్మాయి ఒకతి అక్కడికి వచ్చేది. ఒకరోజు ఆమె ముగ్గురి చావుల మీద పోలీసులు రాసిచ్చిన కాగితాలు పక్కపక్కన పెట్టింది. పోస్ట్‌మాన్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరి దస్తూరీ చదివినవాణ్ణి. ఇవి మూడూ ఒక్క చెయ్యి రాసినవే. మూడింట్లోనూ 'ప్రయత్నము'లో య ఎగిరిపోయింది చూడు తల్లీ. ఇంకో సంగతి. ఆ స్టేషన్‌కి ఉత్తరాలు పంచింది నేనే. దానికి మేడ ఎక్కడిది? పైన రేకులు."

నలుగురూ కలిసి అధికారి గదిలోకి వెళ్ళారు. ఆయన కాగితం చూసి, కలం తీసి, ఒక మాట కొట్టేశాడు. "మేడ అని పొరపాటున పడింది. ప్రహరీగోడ అని చదువుకోండి."

నా తప్పు ఒకటి ఉంది, ఇక్కడే చెప్పేస్తాను.

పెద్దమ్మ కొడుకు పోయిన రోజు పొద్దున సూపర్వైజర్ స్వయంగా ఒక మూట మోసుకొచ్చి నా బల్ల మీద పడేశాడు. నేను పదకొండేళ్ళలో అతను మూట ఎత్తగా చూడలేదు. లోపల ఒక కంబళి. అంచున ఎర్రదారంతో కుట్టిన స్టేషన్ నంబరు. మధ్యలో రెండు చేతుల వెడల్పున రక్తం.

"బాగా మరిగే నీళ్ళలో వెయ్యండి. మరక కనపడకూడదు" అన్నాడు.

ఉతికే డ్రమ్ము నడిపే బాబాయి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. రక్తాన్ని చన్నీళ్ళలో నానబెట్టాలని ఈ పనిలో చేరిన మొదటి రోజే నేర్పిస్తారు. మరిగే నీళ్ళలో వేస్తే అది పోగుల్లోకి దిగి ఇక ఎప్పటికీ పోదు. సూపర్వైజర్‌కి ఆ ముక్క తెలీదు. చెప్పమని మమ్మల్ని అడగనూ లేదు. బాబాయి "అలాగే సార్" అన్నాడు. గంట తర్వాత కంబళి బయటికి వస్తే మరక ఇటుక రంగులో పట్టి కూర్చుంది. "అయితే కాల్చెయ్" అన్నాడు సూపర్వైజర్. బాబాయి ఒక పాత దుప్పటి కాల్చి, కంబళిని చిరుగుల మూటల అడుగున దాచాడు.

నాలుగు నెలలు. పెద్దమ్మ రోజూ నా పక్క నుంచే నడిచి వెళ్ళేది. నేను నోరు విప్పలేదు.

ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, పెద్దమ్మ ఆ బండివాడి భార్యనీ, పోస్ట్‌మాన్‌నీ, లా అమ్మాయినీ వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఒక తొట్టి బోర్లించి దాని మీద నిలబడింది. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. డ్రమ్ములు ఆగి ఉన్నాయి కాబట్టి వినపడింది.

"నా కొడుకుని తీసుకెళ్ళిన ఇన్‌స్పెక్టర్ చొక్కా ఇప్పుడే ఇస్త్రీ చేసి వస్తున్నా. ఒక్క మడత తప్పలేదు. నాలుగు నెల్లుగా చేస్తున్నా. ఆఫీసుల్లో అందర్నీ అడిగాను, మిమ్మల్ని అడగలేదు. మీలో ఎవరికన్నా ఏదన్నా తెలిస్తే చెప్పండి. తెలీకపోతే తినండి, చల్లారిపోతున్నాయి."

ఎవరూ తినలేదు. లేచాను. లేచాక కూర్చోవడానికి వీల్లేదు కదా.

"పెద్దమ్మా, కంబళి నా చేతికే వచ్చింది" అన్నాను.

మొత్తం చెప్పాను. ఆమె తొట్టి దిగి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బావుండేది.

"ఇన్నాళ్ళూ నా పక్కనే కూచుని తిన్నావు కదే" అంది. అంతే.

బాబాయి లేచాడు. "నన్నూ తిట్టు వదినా. కంబళి నా దగ్గరే ఉంది. దాచడానికి ధైర్యం చాలింది, చెప్పడానికి చాల్లేదు."

అప్పుడు వ్యాను డ్రైవర్ లేచాడు. పిల్లలున్నవాడు, ఎప్పుడూ ఎవరి జోలికీ పోనివాడు. "ఆ మూట స్టేషన్ వెనక గదిలోంచి ఎత్తింది నేనే. ఆ రోజు పొద్దున ఏడింటికి."

లా అమ్మాయి ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఎన్నింటికన్నారు?"

"ఏడు. రోజూ ఏడే."

అతను దూకింది పదకొండింటికని రాశారు. దూకడానికి నాలుగు గంటల ముందే ఆ రక్తం మా వ్యానెక్కింది.

చూడండి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది. ఎవరి ముక్క వాళ్ళు చీకట్లో పట్టుకుని వణుకుతూ కూర్చున్నాం. అన్నీ కలిపి ఒకచోట పెడితే హత్య. దాన్ని కనిపెట్టడానికి డిటెక్టివులు అక్కర్లేకపోయింది, భోజనాల వేళ చాలింది.

తర్వాత కొట్లాడుకున్నాం. కంబళిని కోర్టుకి ఇద్దామంది లా అమ్మాయి.

"కోర్టులో ఇస్తే అక్కణ్ణుంచి ల్యాబుకి మోసుకెళ్ళేదెవరు? పోలీసే కదా! కోసి సగం మన దగ్గర ఉంచుకుందాం!" అని బాబాయి అరిచాడు.

"కోస్తే సాక్ష్యం పాడైందంటారు బాబాయ్."

"కొయ్యకపోతే సాక్ష్యమే పోతుంది. నీకు చట్టం తెలుసు తల్లీ, నాకు వాళ్ళు తెలుసు."

చేతులెత్తి తేల్చుకున్నాం. కొయ్యాలన్నవాళ్ళే ఎక్కువ. పెద్దమ్మే కత్తెర పట్టింది, మరక మధ్యలోంచి. సగం అందరం వెంట నడిచి కోర్టులో ఇచ్చాం. సగం పోస్ట్‌మాన్ ఇంట్లో ఉంచాం. డ్రైవర్ జడ్జి ముందు నిలబడి ఏడు గంటలని చెప్పాడు. మర్నాడు అతని వ్యాను వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

ఆరు వారాల తర్వాత ల్యాబు నుంచి కాగితం వచ్చింది. లా అమ్మాయి షెడ్డు గేటు దగ్గర చదివింది.

"'పరీక్షకు పంపిన కంబళిపై గల మరక రక్తము కాదు. ఇనుప తుప్పు.'"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో నవ్వారు. మొహం సగం కాలినామె. ఆమె నవ్వు చూసి ఇంకొకరు, ఇంకొకరు. ఏడుపు కన్నా ఘోరంగా ఉంది ఆ నవ్వు.

"పన్నెండో ఏట నుంచి రక్తం ఉతుక్కుంటున్నదాన్ని. నాది ఉతుక్కున్నా, నా పురుళ్ళవి ఉతుక్కున్నా, ఊళ్ళో ఆసుపత్రులవన్నీ ఉతికా. నాకు తుప్పని చెప్తాడా వాడు!" అందామె.

"తుప్పయితే ఇంకేం? ఇన్‌స్పెక్టర్ని కప్పుకోమనండి!" అన్నారెవరో.

పెద్దమ్మ నవ్వలేదు. "రేపటి నుంచి వాళ్ళ బట్ట నేను ముట్టను. మీ ఇష్టం మీది" అంది.

"నేనూ ముట్టను." "నేనూ." ఎవరు ముందో ఎవరు వెనకో గుర్తులేదు.

ఒకతను అన్నాడు, "అసలు షెడ్డే మూసేద్దాం."

"ఆసుపత్రి గుడ్డలు ఉతుకుదాం. రోగి మనకేం చేశాడు?" అంది పెద్దమ్మ. అదే ఖాయమైంది.

మూడు వారాలు పోలీసుల మూటలు విప్పలేదు. షెడ్డు ముందు గుట్టపడ్డాయి, వానకి తడిసి కంపు కొట్టాయి. మంత్రి వచ్చిన రోజున ఊళ్ళో పోలీసులంతా నలిగిన యూనిఫారాల్లో వరస కట్టారు. కాంట్రాక్టరు పన్నెండు మందిని తీసేశాడు, అందులో నేనొకదాన్ని. మిగిలినవాళ్ళూ మూటలు విప్పలేదు.

నాలుగో వారం మళ్ళీ జీపు వచ్చింది. పొద్దున పదింటికే. అదే ఇన్‌స్పెక్టర్. ప్రభుత్వానికి చెందిన కంబళి ఒకటి దొంగిలించి, కత్తిరించి, పాడుచేసిందని పెద్దమ్మ మీద కేసు.

ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపి, నిలబెట్టి, చేతులు తుడుచుకుంది. "పదండి" అంది.

జీపు కదిలింది. ఈసారి షెడ్డు కూడా కదిలింది. బాబాయి డ్రమ్ములన్నీ ఆపేశాడు. అందరూ గేటు దాటి రోడ్డెక్కారు, తీసేసినవాళ్ళం దారిలో కలిశాం, కూరగాయల బజారు దాటుతుంటే బండివాడి భార్య తన బండి అక్కడే వదిలేసి వచ్చింది, వెనక మరికొన్ని బండ్లవాళ్ళు. స్టేషన్ ముందు నేల మీద కూర్చున్నాం.

"ఏంటిది? లేవండి! ఏం కావాలి మీకు?" అని కానిస్టేబుల్ అరిచాడు.

"ఏమీ వద్దు. మా మనిషి లోపలుంది. బయటికొచ్చేదాకా కూచుంటాం" అన్నాడు బాబాయి.

లాఠీలు విరిగాయి. నా ఎడమచెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. తొమ్మిది మందిని లోపల వేశారు. మిగిలినవాళ్ళు లేవలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి గంటకోసారి "పెద్దమ్మా!" అని పిలిచారు. ప్రతిసారీ లోపల్నుంచి "ఉన్నా!" అని వినపడింది. మూడో రోజు ఆమెని కోర్టుకి పంపక తప్పలేదు. నడిచి వెళ్ళింది, తన అరికాళ్ళ మీద.

గెలిచామని చెప్పను. చదువుకునే పిల్లలు అడుగుతుంటారు, కేసు ఏమైందని. నడుస్తోంది. కంబళి రెండో సగం ఇంకా పోస్ట్‌మాన్ ఇంట్లోనే ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి ప్రమోషన్ వచ్చింది. పెద్దమ్మ కొడుకు, బండివాడు, ఆటో కుర్రాడు, ముగ్గురూ కాగితాల్లో ఇంకా ప్రహరీగోడ మీంచి పడుతూనే ఉన్నారు.

కానీ పోయిన నెల్లో ఒక సంగతి జరిగింది. ఇటుకబట్టీలో పనిచేసే ఒకతన్ని, మేస్త్రీతో గొడవపడ్డాడని పోలీసులు పట్టుకొచ్చారు. మాలో ఎవరికీ అతను తెలీదు. బట్టీ నుంచి ఫోను వచ్చింది, అంతే. జీపు స్టేషన్‌కి చేరేసరికి ముందు అరుగు మీద, మెట్ల మీద, రోడ్డు మీద అరవై మందికి పైగా కూర్చుని ఉన్నారు. ముందు వరసలో పెద్దమ్మ.

కొత్త ఇన్‌స్పెక్టర్ జీపు దిగి ఆమెని చూశాడు. "వీడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు" అంది పెద్దమ్మ, పక్కకి జరిగి ఇంకొకరికి చోటిస్తూ. "కూర్చోడానికి వచ్చాం."