క్యాసెట్ మోతలో ఏడుపు

ప్రేబెన్‌కు డెబ్బై అయిదు నిండాయి. స్కీవె ఊరి సమావేశపు హాల్లో విందు. కొడుకు స్టీన్ పాట రాసుకొచ్చాడు. ఎవరి పండగైనా అక్కడ అంతే. తెలిసిన బాణీకి ఇంటివాళ్లు కొత్త మాటలు కట్టి కాగితాలు పంచుతారు, వచ్చినవాళ్లంతా పాడాలి. నోరు మెదపనివాళ్లను చుట్టాలు ఏడాది పొడుగునా దెప్పుతూనే ఉంటారు.

కూతురు డోర్తెను తండ్రి పక్కనే కూర్చోబెట్టారు, ఆయన ఆమెకు ఎడమవైపు. కాగితం మీద బాణీ పేరు చూడగానే ఆమె దాన్ని బోర్లా పెట్టేసింది. చిన్నప్పుడు కారులో నాన్న వేసిన అకార్డియన్ పాట. వేసవి ఇంటికి అయిదు గంటల ప్రయాణం, అయిదు గంటలూ ఆ ఒక్క క్యాసెట్టే. ఒక పక్క అయిపోతే తిప్పి రెండో పక్క. ఆ మహానుభావుడికి అదే సంగీతం.

ఏడేళ్లప్పుడు ఆ దారిలోనే ఆమెకు ఎడమ చెవి పోటు పుట్టింది. "నాన్నా, ఆపు, చెవి నొప్పి" అని ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కారు ఆగలేదు. అకార్డియన్ ఇంకా గట్టిగా మోగింది. ఇల్లు చేరేసరికి సీటంతా చీము. ఆ చెవి మళ్లీ వినలేదు.

"పాట మోతలో నాన్నకు వినపడలేదు తల్లీ" అంది అమ్మ. పోయేదాకా అదే అంది. ముందు సీట్లో అమ్మ కూడా ఉందన్న సంగతి డోర్తె ఎన్నడూ తలవలేదు, తలవదలచుకోలేదు. వినపడలేదన్న మాటనే పట్టుకుని నలభై ఏళ్లు తండ్రిని ప్రేమించింది. ఆదివారం తప్పకుండా ఫోన్ చేసింది, కుడి చెవికి ఆనించుకుని.

పాట మూడో చరణానికి వచ్చింది.

"వెనక సీట్లో డోర్తె ఏడుపు, ముందు నాన్న తీరు చూడు,
మీట తిప్పి మోత పెంచి ఈల వేసుకున్నవాడు!"

హాలంతా గొల్లున నవ్వింది. ఎదురుగా ఉన్న మేనత్త ఇంగెర్ బల్ల మీద చరిచింది. "నోరు విప్పవేమే? నీ చరణమేగా ఇది!"

డోర్తె పాడలేదు. తల పూర్తిగా తిప్పి, కుడి చెవి తండ్రి నోటి దగ్గరికి తెచ్చింది.

"నాన్నా, ఆ రోజు కారులో నా ఏడుపు నీకు వినపడలేదు కదా?"

"ఏ రోజు?"

"నా చెవి పోయిన రోజు."

ప్రేబెన్ పందిమాంసం కోసుకుంటూ నవ్వాడు. "వినపడకపోవడమేమిటే పిచ్చిదానా? నీ గొంతేమన్నా తక్కువా? వినపడబట్టే కదా మోత పెంచింది! ఆ గ్రేవీ ఇటు జరుపు."

ఆమె గిన్నె జరిపింది. అబద్ధమన్నా ఆడి ఉండొచ్చుగా ముసలాడు, అనుకుంది. కళ్లలో నీళ్లు కూడా రాలేదు, అంత మండిపోయింది.

పాట ముగిసింది. స్టీన్ అందర్నీ లేపి నాన్నకు జేజేలు కొట్టించాడు. డోర్తె లేవలేదు.

ఆ సందడిలో ప్రేబెన్ ఆమె వైపు వంగి ఏదో అన్నాడు. పెదవులు కదలడం ఓరగా కనపడింది. మళ్లీ అన్నాడు, భుజం తట్టి మరీ.

ఆమె తల తిప్పలేదు.