పద్మారాణి ముడి

వాళ్లు వలసొచ్చిన మరమగ్గాల పేట భేస్తాన్‌లో ఆ రోజు మగ్గాలకు సెలవు. శ్యాంసుందర్ దూరప్రయాణాల కోసం తన బైకుకు అదనపు లైట్లు బిగిస్తున్నాడు.

"జర ఈ రెండు వైర్లు కలుపు" అన్నాడు భార్యతో.

రోజూ మగ్గం మీద తెగిన పోగులు అతికే పద్మారాణి చిటికెలో ముడేసింది. లైటు వెలగలేదు.

"పైన ప్లాస్టిక్ తియ్యకుండనే ముడేసినవా?" పడీపడీ నవ్వాడు.

"పోగుకు తోలుంటదా? నాకేం తెల్సు!" ఆమెకు ఒళ్లు మండింది.

ముడి ఎంతకీ ఊడలేదు. దాన్ని కత్తిరించేసి, ప్లాస్టిక్ ఒలిచి, తీగలు మెలేసి టేపు చుట్టాడు. లైటు వెలిగింది. హ్యాండిల్ తిప్పగానే అతుకు ఊడి ఆరిపోయింది.

మళ్లీ అతికి, నవ్వు మాని అడిగాడు: "అతుకుకు జర ఇవతల రెండు వైర్లు కలిపి నీ ముడి ఎయ్యవా? గుంజుడంత దానిమీదనే పడుతది."

వేసింది. హ్యాండిల్ ఎటు తిప్పినా వెలుగు చెదరలేదు.

"ఇగ పక్కనున్న డుమస్ బీచ్ ఏంది, మన ఊరు సిరిసిల్ల దాంక పోవచ్చు!"

"పోదాం" అని తాళంచెవి లాక్కుంది పద్మారాణి. "నవ్వినోళ్లు ఎనుక కూసోవాలె."