స్టూలు మీద టిష్యూ ప్యాకెట్టు

అద్దెకు తీసుకోబోయే మోటర్‌హోమ్, అంటే మంచాలూ వంటిల్లూ ఉన్న బండి, పొడవు ఏడు మీటర్లు. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని వాళ్ళ ఫ్లాటు హాలులో ఆ కొలత పట్టలేదు. అందుకని ఆదివారం పొద్దున్నే కృష్ణచైతన్య ఇంటిల్లిపాదినీ లిఫ్టులో కిందికి దింపి, బ్లాకు అడుగున స్తంభాల మధ్య ఉన్న ఖాళీ జాగాలో టేపు అంటించి బండిని గీశాడు. ఇది పొయ్యి, ఇది మంచం, ఇది బాత్‌రూమ్. డ్రైవరు సీటుకూ దాని పక్క సీటుకూ రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేశాడు.

డిసెంబరులో న్యూజిలాండ్ ప్రయాణం. అక్కడ పడమటి తీరాన, కొండల్లోంచి గ్లేసియరు అనే మంచునది సముద్రానికి దగ్గరగా దిగివచ్చే పార్కు ఒకటుంది. దారిలో ఊళ్ళు తక్కువ. ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు. వంతెనల మీద ఒకసారికి ఒక్క బండే పడుతుంది.

చైతన్య తల్లి కాత్యాయనికి ఆ గ్లేసియరు చూడాలని ఉంది. అక్కడిదాకా బండి తానే నడపాలని అంతకంటే ఎక్కువగా ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సింగపూర్ లైసెన్సు ఆమెకు ఎప్పుడో వచ్చింది, రెండో ప్రయత్నానికి. ఇంట్లో కారు లేదు గనక అది చాలా ఏళ్ళు పర్సులోనే ఉండిపోయింది. ఎప్పుడైనా మలేషియా వెళ్ళడానికి కారు అద్దెకు తీసుకుంటే స్టీరింగు ముందు భర్త సుధాకరరావు కూర్చునేవాడు. "నేనుండగా నీకెందుకే శ్రమ" అనేవాడు.

ఇప్పుడాయన టేపు మంచంలో పడుకుని చూస్తున్నాడు.

"తాతా, యువర్ లెగ్స్ రోడ్డు మీదున్నాయి లా!" అని అరిచింది మనవరాలు అక్షర.

"ముడుచుకోండి, లారీ గుద్దేస్తుంది," అంది కాత్యాయని.

ఆయన పైకి జరిగాడు.

"మామయ్యగారూ, ఇప్పుడు మీ తల పొయ్యి మీదుంది," అంది కోడలు భువన. "పెసరట్టు వెయ్యమంటారా?"

అందరూ నవ్వారు. చైతన్య నవ్వుతూనే టేపు పీకి మంచాన్ని ఇంకో గోడకు తిప్పాడు. డ్రైవరు నెత్తిన ఇంకో మంచం ఉంటుందనీ, దానికి నిచ్చెన ఎక్కాలనీ చెప్పాడు. అక్షర మాట పూర్తవనివ్వలేదు. జేబులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి స్టూళ్ళ పక్కన నేల మీద విసిరింది. "చోప్! పై మంచం నాది!"

చోప్ అంటే ఈ ఊళ్ళో సీటు పట్టుకోవడం. చిన్న చిన్న భోజనం కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్టు బల్ల మీద పెట్టి భోజనం తెచ్చుకోవడానికి వెళ్తారు. వచ్చేదాకా అక్కడ ఇంకెవరూ కూర్చోరు. వచ్చిన కొత్తలో కాత్యాయనికి ఇది తెలీదు. పాపం ఎవరో మర్చిపోయారనుకుని నాలుగు బల్లల మీది ప్యాకెట్లు పోగుచేసి కాఫీ కొట్టువాడికి అప్పజెప్పింది. చైతన్య ఒక్కో బల్ల దగ్గరకూ వెళ్ళి సారీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ కథ ఇప్పటికీ ప్రతి పుట్టినరోజునా చెబుతారు. అప్పటినుంచి ఆమె ఎవరి ప్యాకెట్టూ ముట్టుకోలేదు. ఇంకెవరైనా ముట్టుకోగా చూడలేదు కూడా.

"అద్దె కంపెనీకి ఇవాళ డ్రైవర్ల పేర్లు పంపాలి," అన్నాడు చైతన్య, ఫోను తీస్తూ. "నాదీ, నాన్నదీ."

కాత్యాయని సంచిలోంచి టిష్యూ ప్యాకెట్టు తీసింది. వెళ్ళి డ్రైవరు స్టూలు మీద పెట్టింది.

సుధాకరరావు లేచి వచ్చి దాన్ని తీయబోయాడు.

"తాతా, కెనాట్! నానమ్మ చోప్ చేసేసింది!"

"అది బల్లకమ్మా, స్టీరింగుకు కాదు," అన్నాడాయన. కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏడు మీటర్ల బండే కాత్యాయనీ! ఎప్పుడు నడిపావని?"

పక్క బ్లాకు కనీజ్ ఫాతిమా అప్పుడే ఫ్లాస్కుతో టీ తెచ్చింది. హైదరాబాద్ మనిషి. భర్త పోయి రెండేళ్ళయింది. "అరె భాయ్‌సాబ్, ప్రతి మంగళవారం నన్ను చోవా చూ కాంగ్ ఖబరస్తాన్‌కు తీస్కపోయేది ఎవరనుకున్నరు? మా సాబ్ ఖబర్ కాడికి. వ్యాను కిరాయికి తీస్కొని కాత్యాయనక్కనే నడుపుతది. మొదటి వారం నేను కళ్ళు మూస్కొని కూసున్న. ఇప్పుడు నిద్రపోతున్న!"

"బస్సులో వెళ్తున్నామన్నావు?" అన్నాడు సుధాకరరావు.

"కనీజ్‌తో వెళ్తున్నానన్నాను," అంది కాత్యాయని. "బస్సని మీరనుకున్నారు."

చైతన్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఏదీ, పదమ్మా."

ఆ అద్దె వ్యాను బ్లాకు వెనకున్న కార్ పార్కులోనే ఉంది. గంటల లెక్కన అద్దెకిస్తారు. కాత్యాయని అద్దాలు సరిచేసుకుంది. రెండు లారీల మధ్య నుంచి బండిని బయటికి తీసి రోడ్డెక్కించింది. మొదటి సిగ్నలు దాకా చైతన్య పైనున్న పిడి పట్టుకుని కూర్చున్నాడు. రెండో సిగ్నలు దగ్గర వదిలేశాడు.

"అక్కడి వంతెనల దగ్గర..." అని మొదలుపెట్టాడు.

"మనవైపు బాణం ఎర్రగా ఉంటే మనం ఆగాలి. వాళ్ళవైపుది ఎర్రగా ఉంటే వాళ్ళాగాలి. వీడియోలు చూశాన్రా."

చైతన్య తిరిగి చూశాడు. "ఎన్నాళ్ళనుంచే అమ్మా?"

"నువ్వు గ్లేసియరన్న రోజునుంచి."

తిరిగొచ్చి, వెనక్కి నడిపి వ్యానును దాని గడిలో పెట్టింది. రెండు గీతలకూ సమానంగా వచ్చింది. చైతన్య దిగకుండానే ఫోను తీసి డ్రైవర్ల జాబితాలో తన పేరు పక్కన తల్లి పేరు కొట్టాడు. ఇంటిపేరుతో సహా అక్షరాలు సరిచూడమని ఆమెకు చూపించాడు. చూసింది. పంపేశాడు.

స్తంభాల మధ్య భువన, కనీజ్ టేపు వంటింట్లో నిలబడి టీ తాగుతున్నారు. డ్రైవరు స్టూలు మీద ప్యాకెట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్క స్టూలు మీద ఇంకొకటి కనబడింది.

"ఇదెవరిది?" అని అడిగింది కాత్యాయని.

సుధాకరరావు గొంతు సవరించుకున్నాడు. "నాది. మ్యాపు ఎవరో ఒకరు చూడాలిగా."