చేతికి తెలియని వేడి

సత్తిరాజు ఇసుక కలిపే మిక్సర్ తలుపు కింద చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. నల్లగా, కాస్త తడిగా ఉన్న ఆ ఇసుకను పిడికిట్లో బిగించి వదిలాడు. వేళ్ల గుర్తులు పడి ముద్ద నిలిచింది. దాన్ని రెండుగా విరిచి అంచు చూశాడు. అంచు పదునుగా విరిగితే దాంతో చేసిన అచ్చు నిలుస్తుంది, పొడిపొడిగా రాలితే నిలవదు. భిలాయికి దగ్గర్లోని ఉర్లాలో, ఇనుము పోతపోసే ఈ ఫౌండ్రీలో సత్తిరాజు తల ఊపనిదే ఇసుక అచ్చుల దగ్గరికి కదలదు. అలాగని పెద్ద ఉద్యోగమేమీ కాదు. హోదా పేరు శాండ్ టెస్టర్. జీతం చీటీ మీద తప్ప ఆ పేరుతో అతన్ని పిలిచినవాళ్లు లేరు.

యాభై దాటిన బక్కపలచని మనిషి. కనుబొమల్లో ఎంత స్నానం చేసినా పోని నల్లటి ధూళి. తండ్రి బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. ఆ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో పెరిగిన కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు గానీ, వ్యాగన్ల కింద బిగించే ఇనుప భాగాలు పోత పోసే చోటు దొరికింది. తన ఇసుక లేనిదే గూడ్సు బండి నడవదని ఇంట్లో అప్పుడప్పుడు గొప్పలు పోతాడు. భార్య గంగాభవాని వినీ విననట్టు ఊరుకుంటుంది. ఈ మధ్య ఆమెకు వేరే దిగులు పట్టుకుంది. మొగుడు పొయ్యి మీది గిన్నెను పట్టకార లేకుండా దించేస్తున్నాడు. షుగరుకి వేళ్లు మొద్దుబారుతున్నాయి, డాక్టరుకు చూపించుకోమని ప్రాణం తీస్తోంది. పనిచేసే చేతికి తోలు మందమవుతుందిలే అని అతను తప్పించుకుంటున్నాడు. ఈ చెయ్యి పోతే తనలో ఇంకేమీ మిగలదని అతని భయం.

మిక్సర్ పక్కన ఇప్పుడొక కంప్యూటర్ తెర వెలుగుతోంది. దాన్ని పెట్టించింది లహరి, భిలాయిలో పెరిగిన తెలుగుపిల్ల, కంపెనీకి కొత్తగా వచ్చిన ఇంజనీరు. ఇసుకలో తడెంత, వేడెంత, కలిపిన బంకమట్టి ఎంత అని చూసుకుని, అచ్చు ఎంత గట్టిగా వస్తుందో న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాము ముందే చెబుతుందట. ఇసుక బాగుంటే తెర పచ్చగా, లేకుంటే ఎర్రగా వెలుగుతుంది. ఎందుకన్నది మాత్రం చెప్పదు. అదింకా పరీక్షల్లోనే ఉంది కనుక, తెరకూ సత్తిరాజుకూ మాట కలవకపోతే సత్తిరాజు మాటే చెల్లాలని మేనేజరు ఆదేశం. అది విన్న రోజు అతను ఇంటికి జిలేబీ పట్టుకెళ్లాడు.

ఆ వేసవి ఉదయం తెర ఎర్రగా వెలిగింది. లహరి మరోసారి చూడమంది. సత్తిరాజు మళ్లీ పిడికిలి బిగించాడు. ముద్ద నిలిచింది, అంచు పదునుగానే విరిగింది. బాగానే ఉందమ్మా, పోనీయమన్నాడు. ఆమె తెర వంకా అతని వంకా చూసి, ఇసుకను పోనిచ్చింది.

మధ్యాహ్నం అచ్చులు పగలగొడితే బయటపడ్డ పోతలన్నిటికీ ఒళ్లంతా గుంటలే. అచ్చుల అంచులు రాలి, ఆ ఇసుక ఇనుములో కలిసిపోయింది. సూపర్‌వైజరు నేరుగా మిక్సర్ నడిపే బంగారయ్య మీద పడ్డాడు. నీళ్లు తగ్గించి కలిపావు, రేపటినుంచి రావద్దన్నాడు. బంగారయ్య కాంట్రాక్టు మనిషి, ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. మీటలు తిప్పడమే తప్ప ఇసుక ముట్టే పని అతనికి ఎప్పుడూ పడదు. తన కలుపులో తేడా లేదని చూపించడానికి మిక్సర్లోంచి గుప్పెడు తీసి, ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని కింద పడేశాడు.

"ఇదేటి మావా, ఇంత గరమ్‌గుంది? పొద్దున్నుంచీ నువ్వెలా పట్టుకున్నావు?"

సత్తిరాజు వంగి ఆ ఇసుకను గుప్పిట్లోకి తీసుకున్నాడు. వేడి తెలియలేదు. మెల్లగా చెంపకు ఆనించుకున్నాడు. చెంప చురుక్కుమంది.

వాడిన ఇసుకను మళ్లీ కలిపేముందు చల్లార్చే ఫ్యాను ఆగిపోయిందని వెతికితే తేలింది. వేడి ఇసుక పిడికిట్లో బుద్ధిగా నిలిచి, అచ్చులోకి వెళ్లాక తడి ఆరి రాలిపోతుంది. ఈ సంగతి సత్తిరాజు ఎందరికో నేర్పాడు. సూపర్‌వైజరు మాత్రం ఫ్యాను చూసుకోవలసింది కూడా బంగారయ్యేనని తీర్మానించేశాడు. సత్తిరాజు ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు, రేపు కూడా ఇసుక అతని చేతిదే. అయినా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, తప్పు బంగారయ్యది కాదని, వేడి ఇసుకను పట్టుకుని ఆపాల్సింది తనేనని హిందీలో చెప్పాడు. తర్వాత లహరి వైపు తిరిగాడు.

"వేడి నా చేతికి తెల్లేదమ్మా. ఇయ్యాలొక్కరోజే కాదు, సానా దినాల్నుంచీ తెల్డం లేదు. దాచీసినాను."

ఆ మనిషంటే లహరికి అభిమానం.

"ఆ నెట్‌వర్క్ మీ దగ్గర నేర్చుకున్నదే అంకుల్. ఇన్నేళ్లూ మీరు టెస్ట్ చేసిన ఇసుక రికార్డులతోనే దానికి అన్నీ నేర్పాను."

"అయితే మంచిదే. దానికి సుగరు రాదు గదా" అని అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

గేటు దగ్గర కూర్చునే పని ఇస్తానన్నాడు మేనేజరు. సత్తిరాజు దండం పెట్టి వద్దన్నాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. గంగాభవాని వెంట ఆసుపత్రికి వెళుతూ కనిపించాడని బంగారయ్య చెప్పాడు. మిక్సర్ దగ్గర ఇప్పుడు తెర పచ్చబడితే ఇసుక కదులుతోంది.

వానలు మొదలయ్యాక అతని లాకరు వేరే మనిషికి కావలసివచ్చింది. లహరి, బంగారయ్య కలిసి తెరిపించారు. లోపల కంపెనీ ఏటేటా ఇచ్చిన గ్లౌజులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్క జతకైనా ప్లాస్టిక్ సంచి విప్పలేదు. వాటి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, చదునుగా పడి ఉన్నాయి.