ముందు కుక్కలకి

డెల్మిరాకి ఆదివారమంటే పంది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళకి ఆదివారం అంటే చర్చి, తర్వాత నిప్పుల మీద మాంసం, ఆ తర్వాత మగవాళ్ళ గురక. ఆమెకి అవేవీ పట్టవు. చలికాలం వచ్చి పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా కనిపించిందంటే చాలు, ఆ మనిషికి ఇంట్లో కాలు నిలవదు. అరవై దగ్గరపడ్డ వయసూ, మోకాళ్ళ నొప్పులూ, డాక్టరు తిట్లూ అన్నీ గుమ్మం లోపలే ఉండిపోతాయి.

తుపాకీ వేటగాళ్ళంటే ఆమెకి మహా చిన్నచూపు. ఆమెది కుక్కల వేట, కత్తి వేట. కుక్కలు పందిని వెతికి, తరిమి, చెవులు పట్టి ఆపుతాయి. ఒక మనిషి వెనకనుంచి వెళ్ళి దాని వెనక కాళ్ళు రెండూ పట్టి పైకెత్తుతాడు. కాళ్ళు నేలకి ఆనకపోతే ఎంత పందికైనా తిరగబడే బలం ఉండదు. అప్పుడు ఇంకో మనిషి ఎడమపక్క నుంచి వచ్చి జబ్బ వెనక కత్తి దింపుతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కత్తి డెల్మిరాది. కాళ్ళు పట్టేది, వయసొచ్చినప్పటినుంచీ, ఆమె కొడుకు లిసాండ్రో.

ఆ ఆదివారం లిసాండ్రో దారంతా నోరు మెదపలేదు. ముళ్ళకంచె గేటు దగ్గర పికప్ ఆపి, గుర్రాలు దింపి, నిప్పు రాజేసి ముగ్గురూ మాటె అనే చేదాకు టీ తాగడానికి కూర్చున్నారు. మూడో మనిషి ఎసేబియో. లిసాండ్రోకి బాప్తిస్మం ఇప్పించిన రోజు బిడ్డని చేతుల్లో పట్టుకున్నవాడు అతనే. అప్పటినుంచీ అతను డెల్మిరాకి కంపాద్రే, ఆమె అతనికి కోమాద్రే, ఆ ఇంట్లో అతనికి చెప్పని సంగతి లేదు.

“ఇదే ఆఖరిసారా?” అంది డెల్మిరా, గిన్నెలో వేడినీళ్ళు పోస్తూ.

లిసాండ్రో ఉలిక్కిపడ్డాడు. “యానినా చెప్పిందా?”

“నీ పెళ్ళాం నాకెందుకు చెబుతుంది? నన్ను చూస్తేనే మొహం అటు తిప్పుకుంటుంది. నీ మొహం చూస్తే తెలీడం లేదూ? చావింటికి బయల్దేరినట్టున్నావు.”

“వచ్చే నెల్లో బిడ్డ పుడుతుందమ్మా.”

“పుట్టనీ, ఎవరొద్దన్నారు? నువ్వు కడుపులో ఉండగా ఎనిమిదో నెల దాకా గుర్రమెక్కాను. ఏమైంది నీకు? కాస్త బుర్ర తక్కువ పుట్టావు, అంతే.”

“అది వాళ్ళ నాన్న వాటాలే కోమాద్రే,” అని ఎసేబియో పకపకా నవ్వాడు. “గుర్రాన్నెందుకు తిడతావు పాపం.”

లిసాండ్రో నవ్వలేదు. “నాకు భయమేస్తోందమ్మా. ఇదివరకు లేదు. ఇప్పుడు రాత్రిళ్ళు కూడా అదే గుర్తొస్తోంది. ఇవాళొక్కరోజు వస్తానన్నాను, వచ్చాను. ఇంక నన్నడక్కు.”

డెల్మిరా గిన్నె కొడుక్కి అందించింది. భయం లేకపోతే ఇక్కడికి రావడం దేనికిరా, అదే కదా ఇందులో మజా, అందామనుకుని ఊరుకుంది. మాటలతో ఈ పని కాదు. ఇవాళ వేట అదిరిపోవాలి. వాడి నెత్తురు మళ్ళీ ఉరకలెయ్యాలి. సాయంత్రం నిప్పుల దగ్గర చుట్టాలూ స్నేహితులూ మూగితే వాడే లేచి నిలబడి, చేతులూపుతూ కథ చెప్పాలి. అప్పుడు చూద్దాం ఆఖరిసారో కాదో. నిజానికి ఆమెకి భయమున్నది ఆ ఒక్కదానికే. కాళ్ళు పట్టడానికి ఊళ్ళో కండలున్న కుర్రాళ్ళు బోలెడంతమంది దొరుకుతారు. కానీ కత్తి పట్టుకుని ముందుకురికేటప్పుడు ఎదురుగా కొడుకు మొహం కనపడకపోతే ఆమెకి చెయ్యి ఆడదు. మొగుడు పోయాక తల్లీ కొడుకూ ఒకరి కళ్ళలో ఒకరు చూసుకుని నవ్వుకునేది అక్కడే, పంది మీదుగా.

మాటె తాగడం అవగానే లిసాండ్రో లేచి, ఎవరూ చెప్పకుండానే కుక్కలకి నీళ్ళు పెట్టాడు. ఆ ఇంటి పద్ధతి అది. ముందు కుక్కలకి. నీళ్ళు ముందు కుక్కలకి, చచ్చిన పందిలో మొదటి ముక్క కుక్కలకి, దెబ్బలు తగిలితే సూదీ దారం ముందు కుక్కలకి. లిసాండ్రోకి ఎనిమిదేళ్ళప్పుడు అడవిలో అరికాలు చీరుకుపోతే, తల్లి వాణ్ణి పక్కన కూర్చోబెట్టి ముందు కుక్క పొట్ట కుట్టింది. “దానికి నోరు లేదురా. నీకుందిగా, అరుచుకో,” అంది. వాడు ఆ కథ బళ్ళో గొప్పగా చెప్పుకుని తిరిగాడు.

కుక్కలు నాలుగు. అన్నిటికీ మెడ చుట్టూ వెడల్పాటి తోలుపట్టాలు. వాటిలో పెద్దది మాలోన్, తెల్లగా, తల నిండా పాత కుట్లతో ఉంటాడు. తల్లి చచ్చిపోతే డెల్మిరా వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకుని సీసాపాలతో పెంచింది. మొగుడు పోయిన రాత్రినుంచీ మాలోన్ ఆమె మంచం మీదే, కాళ్ళ దగ్గర పడుకుంటాడు.

కాల్దేన్ చెట్ల అడవిలోకి దిగిన కాసేపటికే కుక్కలు వాసన పట్టాయి. మొదట చిస్పా అనే పిల్లకుక్క గొంతు చించుకుంది, వెనకే మిగతావి. డెల్మిరా గుర్రాన్ని ముళ్ళలోకి దూకించింది. కొమ్మలు మొహానికి తగిలి చెంప చీరుకుపోయింది. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఆమె మీద ప్రేమ కలుగుతుంది, కాస్త భయం కూడా కలుగుతుంది.

పంది కూలిన చెట్టుకి వీపు ఆన్చి నిలబడింది. ముసలిది, మొగది, బురద ఎండి ఒళ్ళంతా పెచ్చులు కట్టి ఉంది. కోరలు రెండూ పసుపుపచ్చగా, ఒకటి కొన విరిగి మరింత పదునుగా. వాళ్ళు గుర్రాలు దిగేలోపే చిస్పా ఉబలాటపడి ముందుకురికింది. పంది తల ఒక్క విసురు విసిరింది. చిస్పా గాల్లో తిరిగి పొదలో పడింది, పేగులు కొమ్మకి చుట్టుకున్నాయి. అరవను కూడా అరవలేదు.

“వాయమ్మో, ఇది మామూలుది కాదు కోమాద్రే!” అని అరిచాడు ఎసేబియో.

“మామూలుదైతే నేనెందుకూ!” అంది డెల్మిరా. కత్తి తీసింది.

మాలోన్ కుడి చెవి పట్టాడు. రెండో కుక్క ఎడమ దవడ పట్టింది. పంది వాటిని మోసుకుంటూ గిర్రున తిరిగింది, చెట్టుకేసి బాదింది. రెండో కుక్క భుజం ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది, అయినా అది పళ్ళు వదల్లేదు. మూడోది తొడ పట్టి వేలాడింది. నెత్తురూ, బురదా, మొగపంది కంపూ. ఆ రొదలో డెల్మిరా కొడుకుని కళ్ళతోనే పిలిచింది.

లిసాండ్రో వచ్చాడు. భయపడుతూనే వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది. కానీ చేతులకి పని తెలుసు. వెనకనుంచి వంగి రెండు కాళ్ళూ గిట్టల పైన ఒడిసి పట్టి, ఒక్క ఊపున నడుము దాకా లేపాడు. పంది ముందుకి ఒరిగి మూతి నేలకి గుచ్చుకుంది. అంత బరువు చేతుల్లో గింజుకుంటుంటే అతని మెడ నరాలు ఉబ్బాయి.

“పొడువమ్మా!”

డెల్మిరా అప్పటికే ఎడమపక్కకి చేరింది. చెయ్యి వెనక్కి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే పంది చెవి తెగి మాలోన్ నోట్లో ఉండిపోయింది. పట్టు పోయిన మాలోన్ చెవిముక్క ఉమ్మేసి, పంది కడుపు కిందుగా దూరి, ఎడమ జబ్బ వెనక పళ్ళు దించాడు. కత్తి దిగాల్సిన చోటే. పట్టా పక్కకి జరిగి అతని తెల్లటి మెడ అక్కడ అడ్డంగా ఉంది.

పొడిస్తే మాలోన్ మెడలోంచి పొడవాలి.

“అమ్మా! పొడువు! జారిపోతోంది!”

“ఇటు రారా, మాలోన్, ఇటు రా నాన్నా,” అంది డెల్మిరా. చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ అనడం కూడా పసిపిల్లాడితో అన్నంత మెల్లగా అంది.

ఒక కాలు జారింది. పంది నేల తన్నుకుని వెనక్కి తిరిగింది. విరిగిన కోర లిసాండ్రో తొడలో లోపలివైపు దిగి, పైకంటా చీల్చుకుంటూ వచ్చింది. అతను వెల్లకిలా పడ్డాడు. పంది అతని మీదికెక్కబోతుంటే మాలోన్ దాని మూతికి అడ్డం దూకాడు. రెండో విసురుకి మాలోన్ పొట్ట తెరుచుకుంది.

అప్పుడు పొడిచింది డెల్మిరా. పిడి దాకా దింపింది, లాగింది, మళ్ళీ దింపింది. పంది మోకాళ్ళ మీద కూలాక కూడా పొడిచింది. నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ పొడిచింది. ఎసేబియో వెనకనుంచి నడుం పట్టి లాగేదాకా ఆపలేదు.

“చచ్చింది, చచ్చింది! పిల్లాణ్ణి చూడు ముందు!”

లిసాండ్రో తొడలోంచి నెత్తురు పొంగుతోంది. డెల్మిరా బెల్టు తీసి గాయానికి పైన బిగించి కట్టింది. ఆగలేదు. రుమాలు కుక్కింది, అదీ తడిసిపోయింది. చివరికి రెండు పిడికిళ్ళూ గాయంలో పెట్టి, తన బరువంతా వేసి నొక్కింది. అప్పుడు ఆగింది.

“పికప్పు తీసుకురా కంపాద్రే. కంచె తెంపుకుని రా. నేను చెయ్యి తియ్యడానికి లేదు.”

ఎసేబియో గుర్రమెక్కి ముళ్ళనీ పొదలనీ చూడకుండా పరిగెత్తించాడు. గిట్టల చప్పుడు దూరమైపోయింది. తల్లీ కొడుకూ మిగిలారు. పంది కళ్ళు తెరుచుకునే పడి ఉంది.

“నువ్వాగావు,” అన్నాడు లిసాండ్రో.

“మాట్లాడకు. బలం పోతుంది.”

“జారిపోతోందని అరిచాను. విన్నావు. ఆగావు.”

“నోర్ముయ్యరా అంటుంటే!”

అతను నవ్వబోయాడు, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. “ముందు కుక్కలకి. అంతేగా అమ్మా?”

సిగ్గు ఆమెని నిలువునా కాల్చేసింది. కావాలని చెయ్యలేదు, ఆలోచించి చెయ్యలేదు. ఆలోచించే సమయం ఉంటే ఎవరైనా కొడుకునే కాపాడుకుంటారు. సమయం లేనప్పుడు చెయ్యి తనకి అలవాటైన పని చేసింది. ఈ ముక్క వాడికి చెప్పినా ఏం ప్రయోజనం? వాడు తల్లి చేతిని చూశాడు, అది ఆగడం చూశాడు.

వెనకనుంచి గడ్డి మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. మాలోన్. వెనక కాళ్ళు ఆడటం లేదు, ముందు కాళ్ళతో దేకుతూ, పొట్టలోంచి జారినవి మట్టిలో రాసుకుంటూ వస్తున్నాడు. వేట అయ్యాక ప్రతిసారీ అలాగే వస్తాడు. వచ్చి ఆమె మోకాలి మీద తల పెట్టి, సూది కోసం కదలకుండా పడుకుంటాడు. ఎప్పుడూ మొదటి వంతు అతనిదే. ఇప్పుడూ వచ్చి మోకాలి మీద తల పెట్టాడు.

డెల్మిరా కొడుకు కళ్ళలోకే చూస్తూ ఉంది. మోకాలి మీద ఆ తల బరువు తెలుస్తోంది, తడి తెలుస్తోంది. మాలోన్ చిన్నగా కుయ్యిమన్నాడు. ఎందుకు ఆలస్యం చేస్తున్నావని అడిగే కూత అది, ఆమెకి బాగా తెలుసు. ఆమె దవడలు బిగించుకుంది, చూపు దించలేదు.

లిసాండ్రో రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తున్నాడు.

“నేను చూస్తున్నాననేగా వాడివైపు చూడట్లేదు?” అన్నాడు.

“నిన్ను చూడాలి, నిన్నే చూస్తున్నాను.”

“చూడమ్మా. పర్లేదు. వాడు పోతున్నాడు, నీ కోసమే చూస్తున్నాడు. చూడు.”

గొంతులో ఎత్తిపొడుపు లేదు. చిన్నప్పుడు మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడాడు. అందుకే ఆమె చూసింది. మాలోన్ కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ అప్పటికే వాటిలో ఏమీ లేదు. ఆమె “నాన్నా” అంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎన్ని ప్రాణాలు తన చేత్తో తీసిందో లెక్కలేని మనిషి, ఆ ఒక్క మాట దగ్గర వెక్కిపడింది.

వేళ్ళ మధ్యనుంచి వెచ్చగా నెత్తురు ఎగదన్నింది. పిడికిళ్ళు సడలాయి.

“అమ్మా,” అన్నాడు లిసాండ్రో నెమ్మదిగా. అరవలేదు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది.

ఆమె మళ్ళీ బరువంతా వేసి నొక్కింది. అతను బాధతో కేక పెట్టి, మొహం అవతలివైపు తిప్పుకున్నాడు. ఇక ఆమె వైపు చూడలేదు. పికప్ ముళ్ళకంచె తెంచుకుని, కొమ్మలు విరుచుకుంటూ వచ్చేదాకా ఆమె మాత్రం అతని చెవినీ, చెంపనీ, చెంప మీద మట్టినీ చూస్తూనే ఉంది.

ఎసేబియో బండి వెనక జీను దుప్పట్లు పరిచాడు. ఇద్దరూ కలిసి లిసాండ్రోని పైకి చేర్చారు. డెల్మిరా పిడికిళ్ళు తియ్యకుండానే పక్కన ఎక్కి కూర్చుంది. ఎసేబియో తలుపు వెయ్యబోతూ ఆగి, గడ్డిలోకి చూసి, ఎవర్నడగాలో తెలియక గొణిగాడు.

“మరి మాలోన్‌ని ఏం చెయ్యను? ఎక్కించనా?”

డెల్మిరా ఏమన్నా తప్పే.

“ఎక్కించు మామా,” అన్నాడు లిసాండ్రో, ఆకాశంలోకి చూస్తూ. “అమ్మకింక మిగిలింది వాడేగా.”

ఎసేబియో కుక్కని తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, బండి నడిపాడు.