తాతయ్య కట్టుడు పళ్ళు

గాలి ఎక్కువై పడవలన్నీ కట్టేసిన ఆ శనివారం మా ఇంట్లో ఆంబ్రోస్ తాతయ్య, నాన్న, గార్లండ్ బాబాయ్, నేను ఉన్నాం. అమ్మ కూడా ఉంది. ఎప్పుడూ ఉండే మనిషి కాబట్టి ముందు రాయడం మరిచిపోయాను.

మగవాళ్ళు ముగ్గురూ వంటింట్లో పొయ్యి చుట్టూ చేరారు. అమ్మ వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ తిరుగుతూనే బ్రెడ్డు పిండి పిసుకుతోంది. నేను ఉప్పుచేప నానబెట్టిన నీళ్ళు పారబోసి వచ్చేసరికి బాబాయ్ చేతిలో నా డైరీ ఉంది. మెట్ల మీద వదిలేసింది నేనే.

"మన డల్సీ రచయిత్రి అయిపోయింది, వినండి. వదినా, నువ్వూ విను" అంటూ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

పోయిన వారం సంగతి అది. తాతయ్య కట్టుడు పళ్ళు కనబడలేదు. ముగ్గురూ కుర్చీల్లోంచి లేవకుండానే మంచం కింద చూడు, బొగ్గుల డబ్బాలో చూడు, కోళ్ళ గూట్లో చూడు అని అమ్మను తిప్పారు. గంట వెతికాక తాతయ్య ఆవలించాడు. పళ్ళు నోట్లోనే ఉన్నాయి. "నోట్లో ఉన్నాయని ముందే చెప్పొచ్చు కదమ్మా వెర్నా, ఇంతసేపు నన్ను కంగారు పెట్టావు" అన్నాడు. తప్పయిపోయిందని అమ్మ అంది. అప్పటిదాకా నవ్వాపుకుంటున్న నాకు ఆ మాటతో నవ్వు పోయింది. ఇలాంటివి మా ఇంట్లో రోజూ జరుగుతాయి, ఎవరికీ వింతగా తోచవు. కాగితం మీద పెట్టుకుని చూస్తేనే నాకూ తెలిసింది. నలుగురిలో నోరు విప్పలేని దాన్ని, ఎలాగో ధైర్యం చేసి పెల్లీ టీచర్‌కు చూపించాను. "ఆదివారం చర్చి హాల్లో అందరి ముందూ ఇది నువ్వే చదవాలి" అని ఆవిడ కింద రాసింది.

బాబాయ్ ఆ వాక్యం కూడా చదివేశాడు. అంతవరకూ పగలబడి నవ్విన తాతయ్య నవ్వు ఆపాడు.

"అంటే ఊరంతా రేపు నా నోట్లోకి తొంగి చూస్తారా?"

నాన్న లేచి పొయ్యి మూత కొక్కెంతో ఎత్తి పక్కన పెట్టాడు. డైరీ లాక్కుని అమ్మ ముందు చాపాడు.

"నువ్వే మంటలో వెయ్యి. నువ్విచ్చిన చనువే ఇదంతా."

మూడేళ్ళ రాత అందులో ఉంది. నాన్న కన్నా అమ్మకే ఎక్కువ భయపడ్డాను. ఆమె తల దించుకుని అన్న మాటను నేను ఊరికి చదివి వినిపించబోతున్నాను.

అమ్మ చేతుల పిండి ఏప్రన్‌కు తుడుచుకుంది. పేజీ తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చదవసాగింది.

"చదవమని ఇవ్వలేదు" అన్నాడు నాన్న.

అమ్మ తల ఎత్తలేదు. చివరిదాకా చదివి నా వైపు తిరిగింది.

"గంట కాదే, రెండు గంటలు. పిండి పీపా కూడా బోర్లించాను, అది రాయలేదు. తప్పయిపోయిందని ఒక్కసారి కాదు, రెండుసార్లు అన్నాను."

పొయ్యి మీద మూత పెట్టేసింది. నా భుజం పట్టుకుని సామాన్ల గదిలోకి నెట్టి, డైరీ చేతిలో పెట్టింది.

"వెర్నా, ఏం చేస్తున్నావు నువ్వు?" వెనకనుంచి నాన్న అరిచాడు.

"సరిగ్గా రాసుకో" అని నాతో అని, అమ్మ బయటినుంచి తలుపు మూసేసింది.